రన్‌వే దాకా వెళ్లి వెనక్కి ఎందుకొచ్చాం?

కెప్టెన్‌ని అడగండి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

(జవాబులు రాస్తున్నది శ్రీకాకుళం జిల్లాలో పుట్టి, ఉద్యోగమంతా విమానాలు నడిపి, రిటైరయ్యాక విజయనగరంలో స్థిరపడిన ఒక కెప్టెన్.)

ప్రశ్న: నాది పలాసలో జీడిపప్పు వ్యాపారం. కిందటి నెల విశాఖ నుంచి హైదరాబాద్ విమానం ఎక్కాను. తలుపులు వేశారు, విమానం కదిలింది, రన్‌వే దగ్గర దాకా పోయింది. అక్కడ కాసేపు ఆగి, మళ్లీ బయల్దేరిన చోటికే వచ్చేసింది. "చిన్న టెక్నికల్ ప్రాబ్లం" అన్నారు. ఒక ఇంజనీరు ఎక్కి కాక్‌పిట్‌లోకి వెళ్లాడు, ఏవో కాగితాలు రాసి దిగిపోయాడు. గంటన్నర తర్వాత అదే విమానంలో తీసుకెళ్లారు. పానా పట్టుకున్న మనిషి ఒక్కడు కూడా కనిపించలేదు. నిజంగా బాగుచేశారా, కాగితం మీద బాగుచేశారా? ఆ లోపమేదో రాత్రే చూసుకోవచ్చు కదా? బస్సయితే డ్రైవరు దిగి చూసుకుని పోనిస్తాడు. దీనికి ఇంత తతంగం ఎందుకు?
- పలాస వ్యాపారి

జవాబు: "కాగితం మీద బాగుచేశారా" అని మీరు వెటకారంగా అడిగారు గానీ, కొన్నిసార్లు జరిగేది అక్షరాలా అదే. అయితే ఆ కాగితం సంగతి కాస్త వివరంగా చెప్పాలి.

ప్రతి విమానంలో టెక్ లాగ్ అని ఒక పుస్తకం ఉంటుంది. ఏ లోపం కనిపించినా పైలట్ అందులో రాయాలి. రాసిన తర్వాత లైసెన్సున్న ఇంజనీరు దానికి ఎదురుగా ఏం చేశాడో రాసి సంతకం పెట్టేదాకా ఆ విమానం కదలడానికి వీల్లేదు. కంపెనీ యజమాని స్వయంగా వచ్చి కూర్చున్నా అంతే. మీరు చూసిన కాగితాలు అవే.

ఇంజనీరు ముందు రెండు దారులు ఉంటాయి. ఒకటి, బాగుచేయడం. ఈ కాలపు విమానాల్లో చాలా లోపాలు కంప్యూటర్లకు సంబంధించినవి. ఒక కంప్యూటర్ తన పరీక్షలో తానే తప్పితే, పుస్తకంలో రాసిన పద్ధతి ప్రకారం దాన్ని ఆపి, మళ్లీ ఆన్ చేసి, పరీక్ష నడిపిస్తారు. పాసయితే పాసయినట్టు రాస్తారు. దానికి పానా అక్కర్లేదు. రెండోది, ఆ వస్తువు పనిచేయకపోయినా ఈ ప్రయాణానికి ఇబ్బంది లేదని తేల్చి, పనిచేయడం లేదని చీటీ అంటించి, బాగుచేయడాన్ని వాయిదా వేయడం. ఇది చదవగానే మీ గుండె కాస్త ఝల్లుమని ఉంటుంది. ఆగండి.

అలా వాయిదా వేయడానికి ఎమ్ఈఎల్ అనే పుస్తకం ఉంది. ఏయే వస్తువు పనిచేయకపోయినా, ఏయే షరతుల మీద విమానం బయల్దేరవచ్చో అందులో వరసగా రాసి ఉంటుంది. విమానం తయారుచేసినవాళ్లు రూపొందించిన మూల జాబితాకు అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ ఆమోదం ఉంటుంది. దాని ఆధారంగా ప్రతి ఎయిర్‌లైన్ తన పుస్తకం రాసుకుంటే, మన దగ్గర దానికి దేశపు విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఆమోదముద్ర వేయాలి. వాయిదాకు గడువు కూడా ఉంటుంది. బీ తరగతి లోపమైతే 3 రోజులు, సీ తరగతి అయితే 10 రోజులు, డీ అయితే 120 రోజులు. 'ఏ' (A) అనే మొదటి తరగతికి మాత్రం గడువును ఆ వస్తువును బట్టి ప్రత్యేకంగా రాస్తారు. విమానం సురక్షితంగా ఎగరడానికి సంబంధించిన వస్తువేదైనా ఆ పుస్తకంలో లేదంటే, అది పనిచేసి తీరాల్సిందే. రెక్క గురించి అందులో వెతకనక్కర్లేదు!

ఇక రాత్రే ఎందుకు చూసుకోలేదన్నది. రాత్రి ఇంజనీర్లు చూస్తారు. పొద్దున కెప్టెన్ గానీ కో-పైలట్ గానీ విమానం చుట్టూ తిరిగి టైర్లు, బ్రేకుల అరుగుదల, ఎక్కడైనా నూనె కారుతోందా, ఇంజన్ ముందు రేకులు దెబ్బతిన్నాయా, గాలివేగం కొలిచే గొట్టాల మీద తొడుగులు తీశారా అని చూసుకుంటారు. అయినా కొన్ని లోపాలు ఇంజన్లు తిరిగి, హైడ్రాలిక్ నూనె ఒత్తిడి వచ్చి, విమానం తన కాళ్ల మీద నడిస్తే తప్ప బయటపడవు.

నా సంగతే ఒకటి చెబుతాను. మే నెల సాయంత్రం. విశాఖ నుంచి హైదరాబాద్. వాతావరణ రాడార్‌ని బే దగ్గర, అంటే విమానం నిలిపి ఉంచే చోట, ఆన్ చేయం, ఎందుకంటే ముక్కు ముందు పనివాళ్లు తిరుగుతుంటారు, దాని కిరణాలు వాళ్ల మీద పడకూడదు. రన్‌వే దగ్గరికొచ్చాక ఆన్ చేస్తే తెరమీద మేఘాల బొమ్మకు బదులు లోపం ఉందన్న మాట వచ్చింది. ఆ విమానంలో రాడార్ సెట్టు ఒక్కటే. అప్పుడు చేసే మొదటి పని ఏమిటో తెలుసా? ఏమీ చేయకపోవడం. విమానం ఆపి, పార్కింగ్ బ్రేక్ వేసి, మాకు కాస్త సమయం కావాలని టవర్‌కి చెప్పి, వెనకవాళ్లకు అడ్డం లేకుండా పక్కన నిలబడ్డాం. కో-పైలట్ పుస్తకం తీశాడు, నేను ఇంజనీరుతో రేడియోలో మాట్లాడాను. ఒకసారి ఆపి ఆన్ చేశాం. వచ్చినట్టే వచ్చి మళ్లీ పోయింది.

ఎమ్ఈఎల్ ప్రకారం రాడార్ లేకుండా వెళ్లవచ్చు. షరతేమిటంటే, దారిలో ఉరుముల మేఘాలు ఉంటాయన్న సూచన ఉండకూడదు. జనవరి నెలలో తెల్లారి ఆకాశం అద్దంలా ఉన్నప్పుడు ఇదే లోపం వస్తే మారుమాట లేకుండా బయల్దేరేవాణ్ణి. మే నెలలో మన తూర్పు కనుమల మీద సాయంత్రమయ్యేసరికి మేఘాలు ఎలా లేస్తాయో సాలూరు, పార్వతీపురం వైపువాళ్లకు నేను చెప్పాలా? పైగా చీకటి పడుతోంది, కంటితో చూసి తప్పించుకుందామన్నా కుదరదు. వెనక్కి తిప్పాను.

బే దగ్గరికి రాగానే ఏసీ తగ్గింది, జనానికి చెమటలు, పిల్లల ఏడుపులు. నేను మైకులో ఇంగ్లిష్, హిందీ అయ్యాక తెలుగులో కూడా చెప్పాను: "మేఘాలను చూపించే రాడార్ పనిచేయడం లేదు, దారిలో ఉరుముల వాన ఉంది, అందుకే వెళ్లడం లేదు" అని. "సాంకేతిక కారణాల వల్ల" అనే మాట నాకు నచ్చదు. ఏం జరిగిందో చెప్పకపోతే జనం దానికి పదింతలు ఊహించుకుంటారు. నరసన్నపేట వైపు పెద్దాయన ఒకాయన ముందుకొచ్చి అడిగాడు: "ఏటి బాబూ, ఎగుర్తాదా నేదా? ఎగరదంటే చెప్పీ, రైలెక్కీసి పోతాం." ఆ రోజు ఎవరూ నన్ను అడగనంత సూటి ప్రశ్న. రెండు గంటలు పడుతుందని చెప్పాను. ఆ పెట్టె విశాఖలో లేదు, హైదరాబాద్ నుంచి తర్వాతి విమానంలో రావాలి. వచ్చింది, మార్చారు, వెళ్లాం. పెద్దాయన కూడా మాతోనే వచ్చాడు.

ఎమ్ఈఎల్ వెళ్లవచ్చు అంటుందే గానీ, వెళ్లి తీరాలి అనదు. పుస్తకం ఒప్పుకున్నా, ఆ రోజు వాతావరణం, అవతలి రన్‌వే, ఇప్పటికే ఉన్న మరో లోపం, వీటన్నిటినీ కలిపి చూసి వద్దనే హక్కు కెప్టెన్‌కి ఉంది. మీరు అన్న బస్సు డ్రైవరు పోనిచ్చాక చప్పుడు మళ్లీ వినిపిస్తే చీపురుపల్లి దగ్గర పక్కకు తీసి ఆపుకుంటాడు. మాకు ఆ చీపురుపల్లి లేదు.

వెనక్కి వచ్చిన తర్వాతి గంట గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే నా లెక్కలో అసలు జాగ్రత్త అక్కడే కావాలి. 2008 ఆగస్టు 20న స్పెయిన్‌లోని మాడ్రిడ్‌లో స్పాన్ఎయిర్ వారి ఎమ్‌డీ-82 విమానం ఇలాగే రన్‌వే దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. బయటి ఉష్ణోగ్రత కొలిచే చిన్న పరికరం అవసరానికి మించి వేడెక్కుతోంది. మెకానిక్ పుస్తకం చూసి దాని హీటర్‌కి కరెంటు తీసేశాడు. విమానం మళ్లీ బయల్దేరింది. ఈసారి పైకి లేవడానికి ఊతమిచ్చే ఫ్లాప్స్, అంటే రెక్కల వెనక ఉండే పలకలు, దించడం మరిచిపోయారు. అలా మరిచిపోతే అరిచి చెప్పాల్సిన హెచ్చరిక మోగలేదు. విమానంలో 172 మంది ఉంటే 154 మంది చనిపోయారు. వాళ్లను వెనక్కి రప్పించిన ఆ పరికరం విమానాన్ని కూల్చేంతటిది కాదు. ఆలస్యమైంది, చేస్తున్న పని మధ్యలో తెగింది, మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఒక మెట్టు జారిపోయింది.

అందుకే బాగు చేయడం అయ్యాక కూడా పైలట్లు ఇంకా ఏదో చదువుకుంటున్నట్టు మీకు కనిపిస్తుంది. చెక్‌లిస్ట్ ఎక్కడ ఆగిందో అక్కడినుంచి కాదు, మొదటి వరస నుంచి మొదలవుతుంది. ఇంధనం కూడా మళ్లీ లెక్క చూడాలి. ఎయిర్‌బస్ ఏ320 లాంటి విమానం నేలమీద ఊరికే తిరుగుతున్నా నిమిషానికి 10, 12 కిలోలు తాగుతుంది. దానికితోడు సిబ్బంది డ్యూటీ గంటలు మిగిలాయా లేదా అన్నది. మీ గంటన్నరలో ఇంజనీరు పని బహుశా ఇరవై నిమిషాలే, తక్కినదంతా ఇదే.

ప్రశ్న: నేను రిటైరైన టీచర్ని. బెంగళూరులో మా అమ్మాయి దగ్గరికి మొదటిసారి విమానంలో వెళ్లాను. ఇంకా ఎగరకముందే లైట్లు ఒక్క క్షణం ఆరిపోయాయి, ఏసీ గాలి ఆగిపోయింది. ఆ తర్వాత కాళ్ల కింద కుక్క మొరుగుతున్నట్టు ఒకటే చప్పుడు. పైనుంచి తెల్లగా పొగ కూడా వచ్చింది. ఎవరినీ అడగలేక విష్ణుసహస్రనామం చదువుకుంటూ కూర్చున్నాను. అవన్నీ లోపాలేనా?
- బొబ్బిలి నుంచి ఒక పాఠకురాలు

జవాబు: టీచరు గారూ, ఒక్కటి కూడా లోపం కాదు. సహస్రనామం మాత్రం మానకండి, అది మంచిదే.

లైట్లు ఆరింది కరెంటు ఒకచోటి నుంచి ఇంకోచోటికి మారినప్పుడు. బే దగ్గర ఉన్నంతసేపూ కరెంటు బయటి నుంచో, తోకలో ఉండే చిన్న ఇంజన్ నుంచో వస్తుంది. పెద్ద ఇంజన్లు తిరిగాక వాటి జనరేటర్లు ఆ పని అందుకుంటాయి. ఏసీ ఆగింది ఎందుకంటే ఇంజన్‌ని తిప్పి స్టార్ట్ చేయడానికి ఆ గాలే కావాలి, కాసేపు మీ వాటా అటు వెళ్లింది. పొగ అన్నది పొగ కాదు, మన సముద్రతీరపు తేమ గాలికి చల్లగాలి తగిలితే ఏర్పడే మంచు. వాసన లేకుండా, రెండడుగుల దూరంలోనే మాయమైపోతే అదే. వాసన వస్తే మాత్రం మొహమాటపడకుండా బటన్ నొక్కి ఎయిర్‌హోస్టెస్‌ని పిలవండి.

కుక్క మొరుగుడు ఎయిర్‌బస్ ఏ320 రకం విమానాల సొంత ఆస్తి. అందులో ఉన్న మూడు హైడ్రాలిక్ వ్యవస్థల్లో రెండింటి మధ్య ఒత్తిడిలో తేడా వస్తే, ఎక్కువున్న వైపు బలంతో తక్కువున్న వైపును నిలబెట్టే యంత్రం ఒకటి పొట్ట భాగంలో ఉంటుంది. రెండో ఇంజన్ స్టార్ట్ చేసేటప్పుడు అది తనను తాను పరీక్షించుకుంటుంది. రంపం కోస్తున్నట్టుందని కొందరు అంటారు. సరిగ్గా చక్రాల దగ్గరి సీట్లకు బాగా వినబడుతుంది. ఈసారి ముందు వరసల్లో సీటు తీసుకోండి.

ప్రశ్న: సార్, నేను ఇంటర్ ఎంపీసీ సెకండియర్. విమానం రన్‌వే మీద పరుగు మొదలుపెట్టాక లోపం కనబడితే పైలట్ ఎంతదాకా ఆపగలడు? పైలట్ అవ్వాలంటే చాలా డబ్బు కావాలంటున్నారు. ఇంజనీర్ అవ్వడానికి ఏం చదవాలి?
- ఆమదాలవలస విద్యార్థి

జవాబు: బాబూ, దీనికి వీ1 అనే వేగం ఉంది. ఆ రోజు విమానం బరువు, రన్‌వే పొడవు, ఎండ, గాలి, నేల తడిగా ఉందా లేదా చూసి ప్రతిసారీ కొత్తగా లెక్కగడతారు. వీ1 దాటితే మిగిలిన రన్‌వేలో ఆగలేం. కాబట్టి అప్పుడు ఇంజన్ ఒకటి పోయినా ఎగిరి, పైన సర్దుకుని, తిరిగొచ్చి దిగడమే. రెండో ఇంజన్‌తో ఎగరగలిగేలాగే ఆ లెక్క కడతారు. పరీక్షల్లోనూ సిమ్యులేటర్‌లోనూ మాతో పదేపదే చేయించేది ఇదే.

వీ1 లోపల కూడా అంతా ఒకటి కాదు. ఏ320లో 100 నాట్ల లోపు, అంటే గంటకు సుమారు 185 కిలోమీటర్ల వేగం లోపు, చిన్న హెచ్చరిక వచ్చినా ఆపేయడానికి వెనకాడం. 100 దాటాక మంటలు, ఇంజన్ పోవడం, విమానం అసలు ఎగరదేమో అన్న అనుమానం లాంటి పెద్ద కారణం ఉంటేనే ఆపుతాం. ఆ వేగంలో ఆపడం కూడా ప్రమాదమే మరి. నడుపుతున్నది కో-పైలట్ అయినా, ఆపాలా వద్దా అన్న మాట కెప్టెన్‌దే. ఇంజన్ లీవర్ల మీద కెప్టెన్ చెయ్యి వీ1 దాకా ఉంటుంది. వీ1 రాగానే చెయ్యి తీసేస్తాడు, ఇక ఆపాలన్న ఆలోచన చేతికి కూడా రాకూడదని. నాకు ఈ వృత్తిలో అన్నిటికన్నా ఇష్టమైన పద్ధతి ఇది.

ఎక్కువ వేగంలో ఆపితే బ్రేకులు నిప్పులా కాలతాయి. మరీ కాలితే చక్రాల్లో ఉండే చిన్న బిరడాలు కరిగి టైర్లలో గాలి దిగిపోతుంది. టైరు పేలకుండా అది ఏర్పాటు. బ్రేకుల వేడి 300 డిగ్రీల సెల్సియస్ లోపుకు దిగేదాకా ఏ320 మళ్లీ పరుగు తీయకూడదు.

చదువు సంగతి. ఎంపీసీ చాలు. సీఏఆర్-147 అనే నిబంధన కింద డీజీసీఏ గుర్తింపు ఉన్న సంస్థలో విమాన నిర్వహణ ఇంజనీరింగ్ చదివి, పరీక్షలు రాసి, పని అనుభవం చూపిస్తే లైసెన్స్ వస్తుంది. మెకానికల్ వైపు బీ1, ఎలక్ట్రానిక్స్ వైపు బీ2. చేరేముందు ఆ సంస్థ పేరు డీజీసీఏ వెబ్‌సైట్‌లో ఉందో లేదో నువ్వే స్వయంగా చూసుకో, ఏజెంట్ చూపించిన రంగుల కాగితం నమ్మకు. ఈ పని చేయి మురికయ్యే పని, రాత్రి డ్యూటీలు ఎక్కువ. కానీ కెప్టెన్ ఎంత మొనగాడైనా ఆ సంతకం పడకుండా కదల్లేడని పైన చెప్పాను కదా.

ప్రశ్న: మా ఆయన దుబాయ్‌లో వెల్డర్. సెలవు అయిపోయి విశాఖలో హైదరాబాద్ విమానం ఎక్కితే, టెక్నికల్ లోపమని మూడు గంటలు ఆపారు. హైదరాబాద్‌లో దుబాయ్ విమానం వెళ్లిపోయింది. కొత్త టికెట్‌కి అప్పు చేయాల్సి వచ్చింది. ఎవరిని అడగాలి?
- సోంపేట నుంచి ఒక సోదరి

జవాబు: అమ్మా, ముందుగా ఆ రెండు టికెట్లూ ఒకే పీఎన్ఆర్ నంబరు మీద ఉన్నాయా, వేరువేరా చూడండి. ఒకటే అయితే తర్వాతి విమానంలో పంపడం ఎయిర్‌లైన్ బాధ్యత. కొత్త టికెట్ కొనిపించారంటే రాతపూర్వకంగా అడగండి. దానికి జవాబు రాకపోతే కేంద్ర ప్రభుత్వపు ఎయిర్‌సేవ పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. బోర్డింగ్ పాస్, ఆలస్యమని వచ్చిన మెసేజ్ పారేయకండి. వేరువేరు టికెట్లయితే చెప్పడానికి బాధగా ఉంది గానీ, రెండో కంపెనీకి మొదటి ఆలస్యంతో సంబంధం లేదంటారు. మన వైపు ఏజెంట్లు నాలుగొందలు తగ్గుతుందని ఇలా విడివిడిగా కొనిపెడతారు. నాకు దీని మీద చాలా కోపం. గల్ఫ్ వెళ్లేవాళ్లు ఒకే పీఎన్ఆర్ అడిగి తీసుకోండి, అలా కుదరకపోతే ముందురోజే హైదరాబాద్ చేరండి.

విశాఖ-హైదరాబాద్ లాంటి చిన్న ప్రయాణాలకు ఆలస్యం 2 గంటలు దాటేలా ఉంటే ఉచితంగా తినడానికి, తాగడానికి ఇవ్వాలి. 6 గంటలు దాటేలా ఉంటే వేరే విమానమో, పూర్తి డబ్బు వాపసో మీరు కోరుకోవచ్చు. ఇవి డీజీసీఏ నిబంధనలు. అడిగితేనే ఇచ్చేవాళ్లు ఎక్కువ కాబట్టి అడగండి.

ప్రశ్న: ఎర్రలైటు వెలిగితే పైలట్‌కి టెన్షన్ రాదా?
- రాజాం పాఠకుడు

జవాబు: వస్తుంది. అందుకే పక్కన ఇంకొకడు ఉంటాడు. ఒకడు చదువుతాడు, ఒకడు చేస్తాడు, చేసే ముందు ఆ స్విచ్ అదేనా అని ఇద్దరూ చూస్తారు. ఎర్రది వెలిగితే వెంటనే చూడాలి. పసుపు వెలిగితే తెలుసుకోవాలి, ఆత్రపడనక్కర్లేదు. నేలమీద ఉన్నప్పుడు వెలిగే వాటిలో ఎక్కువ పసుపువే.

ప్రశ్న: భోగాపురం విమానాశ్రయం మన జిల్లాలోనే కదా. దానితో ఇలాంటి ఆలస్యాలు తగ్గుతాయా?
- డెంకాడ నుంచి ఒక రైతు

జవాబు: కొన్ని తగ్గుతాయి. విశాఖ రన్‌వే నౌకాదళానిది, వాళ్ల అవసరాలు చూసుకున్నాకే మనవి. భోగాపురంలో ఆ ఇబ్బంది ఉండదు, రన్‌వే కూడా 3,800 మీటర్లు. కానీ యంత్రంలో లోపం వచ్చి ఆగే విమానానికి రన్‌వే పొడవుతో పనిలేదు. దానికి కావాల్సింది ఆ రకం విమానం మీద లైసెన్సున్న ఇంజనీరు, విడిభాగాల గోదాం. నా రాడార్ పెట్టె హైదరాబాద్ నుంచి రావాల్సి వచ్చింది చూశారు కదా. ఎయిర్‌లైన్లు రాత్రిపూట విమానాలను ఇక్కడే నిలిపి, ఇంజనీర్లను ఇక్కడే కాపురం పెట్టిస్తే పొద్దున విమానాలు సమయానికి కదులుతాయి. సాయంత్రం వచ్చి, జనాన్ని దింపి, ఎక్కించుకుని పోయే ఏర్పాటే ఉంటే పెట్టె కోసం ఎదురుచూపులు తప్పవు. మీ ప్రజాప్రతినిధులు కనబడితే ఎన్ని విమానాలు వస్తాయని మాత్రమే కాదు, రాత్రికి ఎన్ని ఇక్కడ ఆగుతాయని కూడా అడగండి.